దుమ్ము సంచి దులిపేదెవరు?

పోయిన దసరాకు ముందు పెట్టెలోని చీరలు తీసి వరండాలో నీడకు ఆరేశాను. అందులో మా అమ్మ నా పెళ్లికి పెట్టిన గద్వాల చీర ఒకటి. నూలు చీర, పట్టు అంచు, పట్టు కొంగు. మా పుట్టిల్లు గద్వాల కాబట్టి ఆ చీర మీద నాకు కొంచెం ప్రాణం ఎక్కువ. సాయంత్రం మడత పెడదామని వెళ్తే ముదురాకుపచ్చ మీద బియ్యప్పిండి చల్లినట్టు సన్నటి పొడి. వేలితో రాస్తే గీత పడింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే చేదుగా వేపచెక్క వాసన.

కోపం కన్నా ముందు భయం వేసింది. ఒక్క పూటలో చీర మీద ఇంత పడితే, అదే వరండాలో కూర్చుని రోజూ హోంవర్క్ రాసుకునే బిడ్డ ముక్కులోకి ఎంత పోతోంది?

మా ఆయనది వడ్రంగి పని. వనపర్తిలో మా ఇంటి వెనకాలే రేకుల షెడ్డు. మా మామయ్యదీ అదే పని. ఆయన కాలంలో ఈ బాధ ఇంతగా లేదు. చేతిరంపంతో కోస్తే పొట్టు కాళ్ల దగ్గరే రాలేది. చిత్రిక పడితే చెక్క పొరలు చుట్టలు చుట్టలుగా లేచేవి. అత్తమ్మ వాటిని గంపకెత్తుకుని నీళ్ల పొయ్యిలోకి వాడేది. ఇప్పుడు కరెంటు రంపం, రూటర్, సాండర్ వచ్చాయి. మిషన్ పని తొందరగా చేస్తుంది, కానీ చెక్కను పిండి చేస్తుంది. పొట్టు కింద పడుతుంది. పిండి గాలిలో తేలుతుంది.

అందుకే రెండేళ్ల కింద ఆయన షెడ్డుకని పెద్ద వాకూమ్ క్లీనర్ కొన్నాడు. డ్రమ్ము మీద మోటారు, లోపల ఫిల్టర్, ముందు లావుపాటి పైపు. మొదట్లో సంబరంగానే ఉండింది. తర్వాత దాని గుణం తెలిసింది. సాండర్‌కు పైపు తగిలించి అరగంట పని చేస్తే ఫిల్టర్ మూసుకుపోతుంది. మిషన్ అరుస్తుంది గానీ పీల్చదు. అప్పుడు ఫిల్టర్ తీసి దులపాలి. ఆయన చేతిలో పని ఉంటుంది కాబట్టి "ఇగో, జర ఇది దులిపియ్యరాదు" అని కేకేస్తాడు. నేను వంటింట్లోంచి వచ్చి, వరండా మెట్టుకు నాలుగు దెబ్బలు కొట్టి, ఇచ్చి పోయేదాన్ని. రోజుకు నాలుగైదు సార్లు. రెండేళ్లు.

చీర మీద గీత పడిన రోజు నాకు లెక్క తెలిసింది. షెడ్డులో పట్టుబడిన దుమ్మును తెచ్చి వరండాలో చల్లింది ఇంకెవరో కాదు, నేనే. చలికాలమంతా బిడ్డ పొడి దగ్గు దగ్గితే డాక్టరమ్మ "ఇంట్లో దుమ్ము ఎక్కడి నుంచి వస్తుంది?" అని అడిగింది. "రోడ్డు పక్కన ఇల్లు మేడం" అన్నాను. అబద్ధం చెప్పాలని కాదు. నాకు నిజంగానే తోచలేదు.

దసరాకు నాగర్‌కర్నూల్‌లో మా ఆడపడుచు ఇంటికి వెళ్లాం. వాళ్ల వీధి చివర రైస్ మిల్లు ఉంది. గోడ మీదుగా రేకుతో చేసిన పెద్ద గరాటు లాంటిది కనిపిస్తుంది. పైన గుండ్రంగా డబ్బాలా, కిందికి వచ్చేకొద్దీ సన్నగా. లోపలి నుంచి ఫ్యాను గాలి ఊకను అందులోకి తోస్తుంది. కింది కొస నుంచి ఊక కుప్పగా రాలుతుంది, పైనున్న గొట్టంలోంచి గాలి వెళ్లిపోతుంది. మా ఆయన నిలబడి చూస్తూ ఉండిపోయాడు. "దీన్ని సైక్లోన్ అంటరు. ఇసొంటిదే చిన్నది వాకూమ్‌కు ముంగట పెడితే ఫిల్టర్ మూసుకపోదట" అన్నాడు.

పక్కన ఉన్న అత్తమ్మ ఒక్కసారి తలెత్తి చూసి, "గిదేం కొత్త? చాటతోని చెరుగుడే గద" అన్నది.

ఆ మాట నా బుర్రలో ఉండిపోయింది. ఇంటికొచ్చాక ఈ దుమ్ము చరిత్ర చదవడం మొదలుపెట్టాను. చదివిన కొద్దీ అత్తమ్మ మాటే నిజమని తేలింది.

కళ్లంలో తూర్పారబట్టడం చిన్నప్పుడు చూసే ఉంటారు. గాలి వాటం చూసుకుని, ఎత్తుపీట మీద నిలబడి, చాట నిండా ధాన్యం తలపైకెత్తి మెల్లగా వదులుతారు. గట్టి గింజ నిలువుగా కాళ్ల దగ్గర పడుతుంది. తాలు రెండడుగుల అవతల పడుతుంది. దుమ్ము ఇంకా దూరం పోతుంది. ఒకే గాలి బరువున్న దాన్నొక చోట, లేని దాన్నొక చోట పెడుతుంది. ఇంట్లో చాటతో చెరిగేటప్పుడూ ఇంతే, గాలికి బదులు మణికట్టు పని చేస్తుంది. గింజకూ పొల్లుకూ తేడాను చేతితో తూచే విద్య అది. తరాలుగా ఆడవాళ్ల చేతుల్లోనే ఉంది. దానికి పేటెంటు లేదు, కనిపెట్టిన వాళ్ల పేరూ లేదు.

ఇంట్లో దంచుకునే రోజులు పోయి పెద్ద మిల్లులు వచ్చాక దుమ్ము కూడా పెద్దదైంది. అమెరికాలో మినియాపొలిస్ నగరంలో వాష్‌బర్న్ ఏ మిల్ అనే పెద్ద గోధుమ పిండి మిల్లు ఉండేది. 1878 మే 2న సాయంత్రం అది పేలిపోయింది. బాంబు కాదు, బాయిలర్ కాదు. గాలిలో తేలుతున్న పిండికి నిప్పు అంటుకుంది. 18 మంది చనిపోయారు. పిండి కుప్పగా ఉంటే మెల్లగా మాడుతుంది, అదే గాలిలో పొగలా పరుచుకుంటే ప్రతి రేణువు చుట్టూ గాలి ఉంటుంది కాబట్టి ఒక్క క్షణంలో అంతా మండుతుంది. చెక్క పొడికీ ఇదే గుణం ఉంది. ఇది చదివిన రోజు షెడ్డులో బీడీ, అగ్గిపెట్టె బంద్ అని ఖచ్చితంగా చెప్పాను.

ఆ రోజుల్లో దుమ్మును ఆపడానికి మిల్లుల వాళ్లకు తెలిసినవి రెండే. ఒకటి, దుమ్ము గాలిని ఖాళీ గదిలోకి వదిలి, దుమ్ము దానంతట అది కిందికి దిగేదాకా ఆగడం. రెండోది, గుడ్డ సంచుల్లోంచి గాలిని పోనివ్వడం. గదికి చాలా చోటు కావాలి. గుడ్డ మూసుకుపోతుంది, దాన్ని దులపాలి. 1885లో మిషిగన్ రాష్ట్రం జాక్సన్ పట్టణంలోని నిక్కర్‌బాకర్ కంపెనీ తరఫున జాన్ ఫించ్ అనే ఆయన మూడో దారికి పేటెంటు తీసుకున్నాడు. గది వద్దు, గుడ్డ వద్దు, గాలిని గిర్రున తిప్పితే చాలు అన్నాడు. పిండి మిల్లుల్లో మొదలై, రంపపు మిల్లుల కప్పుల మీదికి, తర్వాత మన రైస్ మిల్లుల దాకా వచ్చిన గరాటు ఇదే.

ఎలా పనిచేస్తుందో మా మరిది చెప్పాడు. వనపర్తి రాజావారి ప్యాలెస్‌లో నడిచే పాలిటెక్నిక్‌లో మెకానికల్ చదివాడు. నా కూరగాయల చిట్టీ వెనక బొమ్మ గీసి, "వదినా, జొన్నచేన్ల వడిసెల తిప్పినవా ఎప్పుడన్న?" అని అడిగాడు. మంచె మీద నిలబడి పిట్టలను తోలడానికి తిప్పే వడిసెల. తిప్పుతుంటే రాయి బయటికి లాగుతుంది, వదలగానే దూసుకుపోతుంది. సైక్లోన్‌లో గాలి మధ్యలోకి కాకుండా అంచును ఒరుసుకుంటూ పక్క నుంచి దూరుతుంది. అందుకని గోడ వెంబడి సుడి తిరుగుతూ కిందికి దిగుతుంది. బరువున్న రేణువులు వడిసెల రాయిలా గోడకు కొట్టుకుని, వేగం పోగొట్టుకుని, జారి కింది బకెట్‌లో పడతాయి. తేలికైన గాలి మాత్రం కింద మలుపు తిరిగి, సుడి నడుమ నుంచి పైకెక్కి, నడిమి గొట్టం గుండా వెళ్లిపోతుంది. లోపల తిరిగే రెక్క లేదు, మార్చే గుడ్డ లేదు. తిరిగేది గాలి ఒక్కటే.

పేరు సంగతి కూడా మన దగ్గరిదే. సైక్లోన్ అనే మాటను పుట్టించింది కలకత్తాలో ఉండిన హెన్రీ పిడింగ్టన్. 1848లో ఓడల వాళ్ల కోసం రాసిన పుస్తకంలో, చుట్ట చుట్టుకున్న పాము అనే అర్థం వచ్చే గ్రీకు మాట నుంచి ఈ పేరు తీశాడు. ఆయన లెక్కలు తీసిన తుఫానుల్లో 1789 డిసెంబరులో మన కాకినాడ దగ్గరి కోరంగిని ముంచేసినది ఒకటి. తెలుగు తీరాన్ని ముంచిన సుడిగాలికి పెట్టిన పేరు, ఈ రోజు మా షెడ్డులోని ప్లాస్టిక్ గరాటుకు వచ్చింది.

ఇక వాకూమ్ క్లీనర్ కథ. 1901లో లండన్‌లో హ్యూబర్ట్ సెసిల్ బూత్ అనే ఇంజనీరు, దుమ్మును ఊదే యంత్రాన్ని చూసి, ఊదడం కాదు, పీల్చాలి అనుకున్నాడు. హోటల్లో కుర్చీ మీద చేతిరుమాలు పరిచి నోటితో పీల్చి చూశాడట. రుమాలు అడుగున నల్లటి మచ్చ తేలింది. ఆయన చేసిన యంత్రం గుర్రపు బండి మీద వీధిలో ఆగేది, కిటికీల గుండా పైపులు లోపలికి వేసేవాళ్లు. అది ఇళ్లలో పెట్టుకునేది కాదు. ఇంట్లో పట్టేంత చిన్నది అమెరికాలో ఒహాయో రాష్ట్రం కాంటన్ పట్టణంలో జేమ్స్ ముర్రే స్పాంగ్లర్ చేశాడు. పెద్ద దుకాణంలో ఊడ్చే పని ఆయనది, ఉబ్బసం కూడా ఉండేది. చీపురు కర్ర, చిన్న ఫ్యాను మోటారు, దుమ్ము పట్టడానికి దిండు గలీబు. 1908లో పేటెంటు వచ్చింది. తన బంధువైన సుసాన్ హూవర్‌కు ఒక యంత్రం ఇస్తే, ఆమె వాడి చూసి, బాగుందని భర్తకు చెప్పింది. ఆయన తోలు సామాను వ్యాపారి. హక్కులు కొని హూవర్ కంపెనీగా ప్రపంచమంతా అమ్మాడు. కంపెనీ పేరు భర్తది. మొదట వాడి చూసి విలువ కట్టింది భార్య.

కానీ స్పాంగ్లర్ దిండు గలీబు నుంచి మా షెడ్డు ఫిల్టర్ దాకా ఒక ఇబ్బంది అలాగే మిగిలింది. గుడ్డ గాలిని వదిలి దుమ్మును ఆపాలి. ఆపిన దుమ్మే గుడ్డ కళ్లను మూస్తుంది. యంత్రం బాగా పనిచేసే కొద్దీ తొందరగా చెడుతుంది. మరి దాన్ని దులిపేదెవరు? ప్రకటనల్లో ఆడవాళ్లు నవ్వుతూ మిషన్ తోస్తుంటారు. సంచి దులిపే బొమ్మ నేనైతే ఎక్కడా చూడలేదు.

దీనికి విరుగుడు దొరికింది కూడా రంపపు మిల్లు దగ్గరే. 1970ల చివర ఇంగ్లండ్‌లో జేమ్స్ డైసన్ తోటపని బండ్లు చేసే ఫ్యాక్టరీ నడిపేవాడు. అక్కడ పొడి రంగు చల్లితే ఫిల్టర్ గుడ్డ మాటిమాటికీ మూసుకుపోయేది. ఒక రంపపు మిల్లు కప్పు మీద సైక్లోన్ చూసి, తనకూ ఒకటి చేసుకున్నాడు. ఆ తర్వాత ఇంట్లో వాకూమ్ సంచి తీసేసి అట్టముక్కతో చిన్న సైక్లోన్ చేసి పెట్టాడు. అక్కడి నుంచి 5,127 నమూనాలు చేశాడని ఆయనే చెప్పుకుంటాడు. చివరిది కుదిరింది. అది మొదట 1986లో జపాన్‌లో అమ్ముడైంది, 1993లో ఆయన సొంత పేరుతో వచ్చింది. ఆ అప్పుల ఏళ్లలో ఇల్లు గడిచింది ఆయన భార్య డెయిడ్రి డైసన్ చిత్రలేఖనం పాఠాలు చెప్పి తెచ్చిన డబ్బుతో. అయిదు వేల నమూనాలు అన్నప్పుడు నాకు ఆమె నెలాఖరులు గుర్తొస్తాయి.

ఇంతవరకు చదివి మా ఆయనకు సరే అన్నాను. చిన్న ప్లాస్టిక్ సైక్లోన్ ఆన్‌లైన్‌లో తెప్పించాడు. ఇంట్లో ఉన్న 20 లీటర్ల ఖాళీ పెయింట్ బకెట్ మూతకు రంధ్రం చేసి, దాని మీద బోల్టులతో బిగించాడు. సాండర్ పైపు సైక్లోన్ పక్క మూతికి, పై మూతి నుంచి ఇంకో పైపు వాకూమ్‌కు. మోటారు వేసి, పైపు మూతికి చెయ్యి అడ్డం పెట్టగానే బకెట్ పొట్ట లోపలికి పీక్కుని చప్పున నలిగిపోయింది. లోపల గాలి లాగేస్తే బయటి గాలి నొక్కుతుంది కదా. దాంతో ఒక బకెట్‌లో ఇంకో బకెట్ దింపి రెండు పొరలు చేశాడు. మూత వంగకుండా పైన ప్లైవుడ్ ముక్క వేశాడు. ఈసారి నిలబడింది.

అయినా దుమ్ములో సగం బకెట్‌లో పడకుండా వాకూమ్‌లోకే పోతోంది. ఆయన పైపులు మార్చి చూస్తున్నాడు. నేను మూత అంచు చూశాను. ప్రెషర్ కుక్కర్ గ్యాస్కెట్ వదులైతే ఏమవుతుందో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు కదా. అగరబత్తి వెలిగించి తెచ్చాను. (పొట్టంతా ఊడ్చి, సాండర్ ఆపించాకే సుమా.) మోటారు వేయించి మూత చుట్టూ మెల్లగా తిప్పాను. ఒక చోట పొగ వంగి లోపలికి దూరింది. కింది బకెట్‌లోకి గాలి దూరితే, రాలిన దుమ్మును అది మళ్లీ లేపి నడిమి సుడిలోకి ఎగదోస్తుంది. పాత సైకిల్ ట్యూబు కోసి మూత అంచుకు గ్యాస్కెట్ వేశాం. తర్వాత కిలో పొట్టు తూచి పీల్పించాం. దాదాపు అంతా బకెట్‌లోనే ఉంది. వాకూమ్ డ్రమ్ములో చెంచాడు పొడి.

ఇక్కడితో ఆపేస్తే మంచి ముగింపే. కానీ ఆ చెంచాడు పొడి నన్ను వదల్లేదు. బకెట్‌లో పడనిదేదో అదే కదా అన్నిటికన్నా సన్నటిది?

అప్పుడే డాక్టర్ ఎస్మే హ్యాడ్‌ఫీల్డ్ గురించి చదివాను. ఇంగ్లండ్‌లో హై వికమ్ అనే ఊళ్లో చెవి ముక్కు గొంతు సర్జన్. కుర్చీలు, ఫర్నిచర్‌కు పేరుపడ్డ ఊరు అది. 1960లలో ఆమె దగ్గరికి ముక్కు లోపల ఒక అరుదైన క్యాన్సర్‌తో రోగులు వస్తున్నారు. మిగతా చోట్ల ఎప్పుడో ఒకటి కనిపించే జబ్బు ఒకే ఊళ్లో ఎందుకు పదేపదే వస్తోందని ఆమె వాళ్ల వృత్తులు చూసింది. ఎక్కువమంది ఫర్నిచర్ పనివాళ్లు. ఆమె, మరో ముగ్గురు డాక్టర్లు కలిసి 1968లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఆ లెక్కలు వేశారు. 1995లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ చెక్క పొడిని మనుషులకు క్యాన్సర్ తెచ్చే వాటి మొదటి జాబితాలో చేర్చింది. భయపెట్టాలని చెప్పడం లేదు, ఆ జబ్బు అరుదైనదే, ఏళ్ల తరబడి దుమ్ములో పనిచేసిన వాళ్లకు వచ్చేది. దగ్గు, ఆయాసం, ముక్కు కారడం మాత్రం అరుదు కాదు. నాకు నచ్చింది ఆమె అడిగిన ప్రశ్న. నువ్వేం పని చేస్తావు, ఆ దుమ్ము ఎటు పోతుంది? మా డాక్టరమ్మ అడిగిందీ అదే. జవాబు చెప్పలేకపోయింది నేను.

మనిషి వెంట్రుక మందం దాదాపు 70 మైక్రాన్లు. కంటికి కనిపించే పొట్టు దానికన్నా లావు, అది బకెట్‌లో పడుతుంది. 10 మైక్రాన్ల కన్నా సన్నటిది గాలి ఎటు తిరిగితే అటే పోతుంది. ఊపిరితిత్తుల్లో లోతుకు పోయేదీ అదే. చాట కూడా అంతే, తాలును వేరు చేస్తుంది గానీ దుమ్ము చెరిగేవాళ్ల ముక్కులోకే పోతుంది. అందుకే చెరిగేటప్పుడు అత్తమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునేది. సైక్లోన్ ఫిల్టర్ పనిని తగ్గిస్తుంది, ఫిల్టర్ అక్కర్లేకుండా చేయదు.

1948 ఫ్యాక్టరీల చట్టం 14వ సెక్షన్‌లో పనిచోట దుమ్మును పుట్టిన దగ్గరే పట్టి బయటికి పంపాలని రాశారు. కానీ కరెంటుతో నడిచే చోట 10 మంది పనివాళ్లుంటేనే ఆ చట్టంలో అది ఫ్యాక్టరీ లెక్కకు వచ్చేది. ఇంటి వెనక షెడ్డుకు ఇన్‌స్పెక్టర్ రాడు. అక్కడ చట్టం రాయాల్సింది ఇంట్లోవాళ్లే. మేం రాసుకున్నది ఇది: వాకూమ్‌కు సన్నటి దుమ్మును ఆపే హెపా ఫిల్టర్. సాండింగ్ చేసేటప్పుడు, బకెట్ ఖాళీ చేసేటప్పుడు ఎన్95 మాస్క్. షెడ్డు నుంచి వరండాలోకి ఉన్న తలుపు మూసేసి, వెనక వైపు కొత్త తలుపు. పని బట్టలు షెడ్డులోనే విప్పి, విడిగా నానబెట్టడం. ఫిల్టర్ దులపడం నెలకొకసారి, ఇంటికి దూరంగా, గాలి వాటం చూసుకుని.

మొదట ఆయన మాస్క్ పెట్టుకోలేదు. "మా నాయిన పెట్టుకున్నడా?" అన్నాడు. "మామయ్య సాండర్ పట్టిండా?" అన్నాను. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

బిడ్డ దగ్గు ఈ చలికాలం తక్కువగానే ఉంది. అంతా సైక్లోన్ వల్లనే అనను, తలుపు మూసినందుకో, బిడ్డ ఒక ఏడు పెద్దదైనందుకో కూడా కావచ్చు. వరండాలో నల్ల గుడ్డ ఒకటి ఆరేసి చూస్తుంటాను. వేలితో రాస్తే గీత పడటం లేదు. ఈసారి డాక్టరమ్మ దగ్గరికి వెళ్లినప్పుడు, అడగకముందే షెడ్డు సంగతి చెప్పాను.

ఇంకో మార్పు కూడా వచ్చింది. బకెట్ నిండితే ఇప్పుడు నన్ను పిలవడం లేదు. మాస్క్ కట్టుకుని ఆయనే తీసుకెళ్లి గోనెసంచిలో మెల్లగా వంచి వస్తాడు.